చిగుళ్ళకు పసుపు ఎవరు రాశారు?

కుక్కల్ని తిప్పే పనిలోకి కొత్తగా దిగిన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! అనుభవశాలి రాశాడు కదా, నాలుగు తెలివైన మాటలు దొరుకుతాయని దీన్ని తెరిచి ఉంటే ముందే చెప్పేస్తున్నాను. ఇది నా తెలివితక్కువతనం గురించి. తెలివి గురించి రాయమంటే నాది అర పేజీకే అయిపోతుంది.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. నేను మానలేదు, బడే నన్ను మానేసిందని మా లెక్కల సారు అనేవాడు. తరువాత ఏవేవో పనులు చేసి, చివరికి హైటెక్ సిటీలో ఒక ఆఫీసు క్యాంటీన్లో పన్నెండేళ్ళు టీ పోశాను. కరోనా వచ్చి ఆఫీసులన్నీ ఇళ్ళలోకి దూరాయి. నా టీ తాగే సార్లంతా వాళ్ళ ఇళ్ళలో, నేను మా ఇంట్లో, టీ గిన్నె క్యాంటీన్లో. అప్పుడు ఒక సారు ఫోన్ చేశాడు. "అన్నా, పొద్దున్నుంచి రాత్రిదాకా మీటింగులేనండి. మా కుక్కను బయటికి తీసుకెళ్ళేవాళ్ళు లేరు. మీరు వస్తారా?" అన్నాడు. అలా నల్లగండ్లలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయంలో కాలు పెట్టాను. ఆర్నెల్లలో ఎనిమిది కుక్కలు నా చేతికి వచ్చాయి. మోకాళ్ళు మొరాయించే దాకా అదే నా ఉద్యోగం.

ఇందులో ఎవరి పేరూ రాయను. కుక్క పేరు కూడా రాయను. ఆ పేరు ఎవరైనా పైకి చదివితే మన కాలనీల్లో నాలుగు కుక్కలు తోక ఊపుతాయి.

ఆ మొదటి సారు కుక్క లాబ్రడార్. మీగడ రంగు ఒళ్ళు, నాలుగేళ్ళ వయసు. తిండి విషయంలో దానికి పట్టింపులు లేవు. సాక్సులు తింది, టీవీ రిమోట్ తింది, సారు వాళ్ళ అమ్మగారి స్తోత్రాల పుస్తకంలో శుక్రవారం దాకా తింది. ఆ అమ్మగారు గోదావరి వైపు మనిషి. కొడుకు కుక్కను తెచ్చిన కొత్తలో మడి, మడి అని గోడకు అతుక్కుని నడిచేవారట. నేను చేరేసరికి దాని పెరుగన్నం ఆవిడే కలుపుతున్నారు, ఉప్పు సరిపోయిందో లేదో రుచి కూడా చూస్తున్నారు.

ఇక నా తప్పు.

వానాకాలం మన పనికి శత్రువు. వానలో తిప్పితే కుక్క కాళ్ళకు బురద. ఆ బురద సర్వీసు లిఫ్టులో పడితే అసోసియేషన్ వాళ్ళ మెసేజీ. ఇంట్లో తెల్ల టైల్స్ మీద పడితే అమ్మగారి మెసేజీ, అది నోటితోనే వస్తుంది. తిప్పకుండా వదిలేస్తే కుక్క సోఫా మీదే పని కానిస్తుంది. దీనికి నేనొక ఉపాయం కనిపెట్టాను. ఆ టవర్ల కింద రెండు సెల్లార్లు ఉన్నాయి. కింది సెల్లార్లో కార్లు తక్కువ, రైల్వే ప్లాట్‌ఫారం అంత పొడుగు. వాన పడినప్పుడల్లా కుక్కల్ని అక్కడ తిప్పి, గుడ్డతో కాళ్ళు తుడిచి, పైకి పంపేవాణ్ణి. బురద చుక్క ఉండేది కాదు. "మీరు నడిపితే మాత్రం దీని కాళ్ళు భలే శుభ్రంగా ఉంటాయయ్యా" అని అమ్మగారు మెచ్చుకుంటే నేను వినయంగా తల వంచేవాణ్ణి. సెల్లార్ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఉపాయం చెప్పేస్తే గొప్ప పోతుంది కదా.

ఒక్కడికి చెప్పాను. పక్క టవర్లలో కుక్కల్ని తిప్పే జోడీదారు నాకొకడు ఉండేవాడు. హఫీజ్‌పేట్ నుంచి వచ్చేవాడు. "నీ దిమాక్ ముంగట ఈ సాఫ్ట్‌వేరోళ్ళు ఏం పనికొస్తరే అన్నా!" అని వాడూ తన ఆరు కుక్కల్ని సెల్లార్లోకి దించాడు.

ఆ సెల్లార్ చివర, చెత్త గది పక్కన, వాన నీళ్ళు ఊరి చీలమండ దాకా నిలిచేవి. నీళ్ళు తోడే మోటారు పాడైంది. రేపు బాగుచేస్తామన్నారు, ఆ రేపు రెండు వానాకాలాలుగా రాలేదు. చెత్త గదిలో ఎలుకలు ఉండేవి. చిన్నవి అనుకునేరు, మా పెద్ద కుక్కలు కూడా వాటికి దారి ఇచ్చేవి. ఆ ఎలుకలు ఆ నీళ్ళ ఒడ్డునే తిరిగేవి, ఆ నీళ్ళలోనే వాటి సమస్తమూ కానిచ్చేవి. మన లాబ్రడార్‌కు నీళ్ళంటే పెళ్ళి భోజనం. దూకేది, పొర్లేది, నాలుగు గుక్కలు తాగేది. వాన నీళ్ళే కదా, ఆకాశం నుంచి పడ్డవే కదా అనుకున్నాను. మధ్యలో ఎవరెవరు కలిశారో ఆలోచించలేదు.

శ్రావణమాసంలో వారం రోజులు ముసురు పట్టింది. వారమంతా సెల్లార్లోనే నడక. అది అయిన కొన్నాళ్ళకు ఒక సోమవారం పొద్దున నేను తలుపు కొడితే కుక్క దూకి రాలేదు. లేచింది, మెల్లగా వచ్చింది, వెనక కాళ్ళు అరవై ఏళ్ళ మనిషివి. అంటే నావే. "ఏందిరా, నన్ను జూసి నేర్చుకున్నవా?" అని నవ్వాను. తమ్ముళ్ళూ, ఇక్కడ నవ్వకూడదు. నిన్నటిదాకా దూకిన కుక్క ఇవాళ నొప్పిగా నడిచిందంటే, నడుము దగ్గర ముట్టుకుంటే ముడుచుకుందంటే, అది మనకేదో చెబుతోందని అర్థం.

ఆ పూట అది అన్నం ముట్టలేదు. లాబ్రడార్ అన్నం ముట్టకపోవడం అంటే సూర్యుడు సెలవు పెట్టినట్టు. అమ్మగారు ఎర్రనీళ్ళు తిప్పి దిష్టి తీశారు. "కింద పార్కులో అందరి కళ్ళూ దీని మీదేనయ్యా, ఆ ఒళ్ళు చూడు" అన్నారు. మంగళవారం రెండుసార్లు కక్కింది. ఆగకుండా నీళ్ళు తాగింది. బుధవారం తాగడం కూడా తగ్గింది. వాకిట్లో కొంచెం మూత్రం పోసింది, డికాక్షన్ రంగు. అమ్మగారే గుడ్డతో తుడిచేశారు. సారు ఇంటర్నెట్‌లో చూసి కడుపులో గ్యాస్ అని తేల్చాడు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. అంతకు ముందు వారం తడికి కుక్క పొట్ట మీద దద్దుర్లు లేచాయి. అమ్మగారు కొబ్బరినూనెలో పసుపు కలిపి రోజూ రాస్తున్నారు. మంచి పసుపు, వాళ్ళ ఊరి నుంచి కొట్టించి తెచ్చుకున్నది. అందుచేత బుధవారం సాయంత్రం కుక్క పొట్ట పచ్చగా కనిపించినా ఎవరూ ఉలిక్కిపడలేదు. ఆవిడ చూశారు, పసుపు అనుకున్నారు. సారు చూశాడు, అమ్మ పసుపు అనుకున్నాడు. నేనూ చూశాను. ఇంతమందికి ఇన్ని కళ్ళు ఉండి అందరం ఒకే మాట అనుకున్నాం.

గురువారం పొద్దున కుక్క లేవలేదు. తల ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గరికి జరిగి పెదవి ఎత్తి చూశాను. మామూలుగా గులాబీ రంగులో ఉండే చిగుళ్ళు పచ్చగా ఉన్నాయి. కంటి రెప్ప లాగితే తెల్లగుడ్డు పచ్చగా ఉంది.

"అమ్మా, పసుపు నోట్ల గూడ రాసిండ్రా?" అని అడిగాను.

"చిగుళ్ళకి పసుపు ఎవరు రాస్తారయ్యా!" అన్నారు ఆవిడ. అని, నోరు అలాగే తెరిచి ఉంచేశారు. వంగి తన చీర కొంగుతో కుక్క పొట్టను గట్టిగా తుడిచారు. కొంగుకు పసుపు అంటుకుంది. పొట్ట మాత్రం పచ్చగానే ఉంది.

"కామెర్లు" అన్నారు మెల్లగా.

సారు హెడ్‌ఫోన్లు పీకి పరుగెత్తుకొచ్చాడు. ముప్పై కిలోల కుక్కను దుప్పట్లో వేసుకుని ఇద్దరం కిందికి దించాం. అమ్మగారు ముందు నడుస్తూ లిఫ్టులో ఉన్నవాళ్ళను దించేశారు, కుక్కల్ని ఎక్కనివ్వని మామూలు లిఫ్టులోనే.

గేటు దగ్గర జోడీదారు ఎదురయ్యాడు. దుప్పట్లోకి తొంగి చూసి నన్ను పక్కకు లాగాడు.

"అన్నా, టిక్ ఫీవరే అయ్యుంటది. గోమార్లు కుట్టి రక్తం తాగినయేమో. వానకాలం అన్నిట్కి గదే వస్తది. సెల్లార్ ముచ్చట మాత్రం తియ్యకు."

"ఎందుకు తియ్యొద్దురా?"

"తీస్తే నీ ఎనిమిది ఇండ్లు పోతయ్, నా ఆరు పోతయ్. కుక్క మంచిగైతది, నువ్వు పరేషాన్ గాకు."

వాడిని తిట్టుకోకండి. ఆ మాట వాడు అనకముందే నా లోపల ఒకడు అన్నాడు.

డాక్టరమ్మ మా తెలంగాణ వైపు మనిషే. మాటలు తక్కువ. కన్ను, చిగుళ్ళు, పొట్ట చూసింది, రక్తం తీసింది, అడగడం మొదలుపెట్టింది. ఏం తిన్నది? విషం ఏమన్నా మింగిందా? గోమార్లు ఉన్నాయా? కామెర్లకు వంద దారులుంటాయట, ఏ దారిన వచ్చిందో తెలిస్తే ఆ దారిన ఎదురెళ్ళొచ్చట. రిపోర్టులు రావడానికి టైం పడుతుంది, కుక్క దగ్గర టైం లేదు.

"నిలవ నీళ్ళల్ల దిగిందా? ఎలుకలు తిరిగే జాగకు పోయిందా?"

"ఛాన్సే లేదు డాక్టర్" అన్నాడు సారు. "మాది పద్నాలుగో అంతస్తండి. తాగేది ఫిల్టర్ నీళ్ళు. తిరిగేది పార్కులో, ఈ అన్నతో."

ఈ అన్న అక్కడే గోడకు ఆనుకుని ఉన్నాడు. డాక్టరమ్మ కాగితం మీద ఏదో కొట్టేసింది, ఇంకేదో రాయబోయింది. ఆ కొట్టేసిన మాటే అసలు మాటని నాకు ఎందుకో అనిపించింది. బల్ల మీద కుక్క నా వైపే చూస్తోంది. మీకు తెలుసు కదా, కుక్కకు మన ఉపాయాలు తెలియవు. బెల్టు ఎటు లాగితే అటే వస్తుంది.

"మేడం, జర ఆగుండ్రి" అన్నాను. "నీళ్ళల్ల దిగింది. కింది సెల్లార్ల. వానలున్నన్ని దినాలు నేనే దించిన. తాగింది గూడ. ఎలుకలు శానా ఉన్నయ్ ఆడ."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"వచ్చి గంటైంది. ఇప్పుడా చెప్పేది?" అంది డాక్టరమ్మ.

"గంట సేపు ధైర్యం కూడబెట్టుకున్న మేడం."

ఆమె నవ్వలేదు. నర్సును పిలిచి గ్లౌజులు తొడుక్కోమంది, పక్క గది ఖాళీ చేయించింది. లెప్టోస్పైరోసిస్ అంది. ఆ పేరు పలకడం నాకు మూడు రోజులు పట్టింది. ఎలుక జ్వరం అంటే తేలిక. ఎలుకల మూత్రంలో ఉండే సూక్ష్మక్రిమి నిలవ నీళ్ళలో, తడి మట్టిలో బతికి, కుక్క నోట్లోంచో, కాలి గాయంలోంచో లోపలికి పోయి కాలేయాన్నీ మూత్రపిండాలనూ పడుతుందట. రిపోర్టు కోసం ఆగకుండా అప్పుడే ఇంజెక్షన్లు మొదలుపెట్టింది, సెలైన్ ఎక్కించింది.

సారు నా వైపు తిరిగాడు. "మీరు మా కుక్కను సెల్లార్లో తిప్పారాండి?" అన్నాడు. గోదావరి వైపు వాళ్ళకు కోపం వస్తే అండి తగ్గదు, పెరుగుతుంది. "మాకు ఒక్క మాట చెప్పొచ్చు కదండి. మేం మిమ్మల్ని నమ్మాం కదండి." మూడు అండీలు తిన్నాక ఇంకో రెండు దెబ్బలు తిన్నా బాగుండేదనిపించింది.

అంతలో డాక్టరమ్మ టీకాల కార్డు తిప్పింది. "ఈ జ్వరం టీకా పిల్లప్పుడు పడ్డది. ఏడాదికొకసారి మళ్ళ వెయ్యాలె. మూడేండ్ల సంది లేదు."

సారు కార్డు వైపు చూశాడు. "రేబిస్ వేయించాం కదండి. అన్నీ అందులోనే ఉంటాయనుకున్నాను" అన్నాడు నేల చూపులు చూస్తూ. టీకా అన్ని రకాల ఎలుక జ్వరాలనూ ఆపదు గానీ ప్రాణం మీదికి రానివ్వడం తక్కువట. తప్పులో సగం ఆయనకు పోయిందని ఒక్క క్షణం నాకు సంతోషం కలిగింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, మీరు సిగ్గుతోనే చదవండి.

"దీని మూత్రం ఎవరు తుడిచిండ్రు?" అంది డాక్టరమ్మ.

అమ్మగారు బడి పిల్లలా చెయ్యి ఎత్తారు.

"ఉత్త చేతులతోనా?"

"తరవాత సబ్బుతో కడుక్కున్నానమ్మా. స్నానం కూడా చేశాను."

"ఇది మనుషులకు గూడ వస్తదమ్మా. ఇయ్యాలనే మీ డాక్టర్ దగ్గరికి పోండ్రి. జ్వరం, ఒళ్ళునొప్పులు ఏమొచ్చినా దాచొద్దు." తరువాత నా కాళ్ళ వైపు చూసింది. పగిలిన మడమలు, స్లిప్పర్లు. వారమంతా ఆ నీళ్ళలో నేనూ కుక్కతో సమానంగా నడిచానని అప్పటిదాకా నాకు తోచలేదు. "నువ్వు గూడ పో" అంది.

ఆటోలో అమ్మగారూ నేనూ దవాఖానకు వెళ్ళాం. దిగేటప్పుడు ఆవిడ "కుక్కకి చూపించాక మనిషికి చూపించుకోవడం నా జన్మలో ఇదేనయ్యా" అన్నారు. మా ఇద్దరికీ ఏమీ కాలేదు, అది మా గొప్ప కాదు.

మరునాడు మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది, అదే జ్వరం. అప్పటికి వాంతులు ఆగాయి. కానీ కుక్క మూత్రం పోయలేదు. సీసా మీద సీసా సెలైన్ లోపలికి పోతోంది, బయటికి చుక్క రాదు. "కిడ్నీలు తెరుచుకోవాలె. అప్పటిదాకా నేనేం చెప్పలేను" అంది డాక్టరమ్మ. అంతే, మా అందరి బతుకూ ఒక కుక్క మూత్రం దగ్గర ఆగిపోయింది. అమ్మగారు సత్యనారాయణస్వామికి వ్రతం మొక్కుకున్నారు. ఇలాంటి కోరిక ఆయన చెవిన పడటం అదే మొదటిసారి అయ్యుంటుంది. నేను మిగతా ఏడిళ్ళకూ పోయి సెల్లార్ సంగతి చెప్పి, టీకా కార్డులు తీసి చూసుకోమన్నాను. మూడిళ్ళ వాళ్ళు అప్పుడే నన్ను మాన్పించారు. జోడీదారు నాతో మాట్లాడటం మానేశాడు, కానీ తన ఆరు కుక్కల్నీ వరసపెట్టి టీకాకు పట్టుకుపోయాడు.

శనివారం మూడు గంటలకు సారు క్లినిక్ వరండాలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో మీటింగు చేసుకుంటున్నాడు. నాతో మాటలు లేవు. నేను తలుపు దగ్గర, అమ్మగారు కుర్చీలో. కుక్క లేచి నిలబడటానికి ప్రయత్నించింది. నర్సు పట్టుకుంది. నిలబడింది. కాస్త వంగింది. ముందు రెండు చుక్కలు, తరువాత ధార, తరువాత ఆగదే! నేల మీద కాలువ కట్టింది.

"పోసింది! పోసింది!" అని సారు ఎగిరి గంతేశాడు. మైకు ఆపడం మరిచిపోయాడు. మీటింగులో ఉన్నవాళ్ళెవరో "సార్, ఎవరు పోశారు?" అని అడగడం మా అందరికీ వినిపించింది. అమ్మగారు గోవిందా అన్నారు. నేను ఆనందం పట్టలేక కుక్క మీదికి పరుగెత్తాను.

"ఎనుకకు జరుగుండ్రి అందరు! గ్లౌజులు లేకుండ ఒక్కరు దగ్గరికి రావొద్దు!" అని డాక్టరమ్మ ఉరిమింది. మూడు రోజులు ఎదురుచూసిన దాన్ని చూసి ముగ్గురం గోడకు అతుక్కుపోయాం. నేను గ్లౌజులు తొడుక్కుని బ్లీచింగ్ నీళ్ళతో నేల కడిగాను. కడుగుతూ ఏడ్చాను. బ్లీచింగ్ ఘాటు అని చెప్పాను.

డాక్టరమ్మ ఇచ్చిన కాగితం పట్టుకుని నేను అసోసియేషన్ ఆఫీసుకు వెళితే వాళ్ళు మోటారు సంగతి ఎత్తకుండా సెల్లార్ గోడకు 'కుక్కలకు ప్రవేశం లేదు' అని బోర్డు పెట్టారు. ఎలుకలు ఏడో తరగతి కూడా చదవలేదు, వాటికేం తెలుస్తుంది? మర్నాడు అమ్మగారు సెక్రటరీని కిందికి తీసుకెళ్ళి "ఒక్కసారి చెప్పులు విప్పి ఇందులో దిగండి నాయనా, మీరు దిగితే నేనింక అడగను" అన్నారట. ఆయన దిగలేదు. సాయంత్రానికి కొత్త మోటారు దిగింది.

కుక్క ఇంటికొచ్చింది. అయితే ఇంకొన్ని వారాలు దాని మూత్రంలో క్రిమి ఉండొచ్చు, వేరే కుక్కలు లేని చోట తిప్పాలి, పోసిన చోటల్లా బ్లీచింగ్ చల్లాలి, మందులు ఒక్కపూట కూడా తప్పకూడదు అంది డాక్టరమ్మ. సారు కొత్త మనిషి కోసం వెతికాడు. సంగతి వినగానే ఎవరూ రామన్నారు. చివరికి నాకు ఫోన్ వచ్చింది.

"మీ మీద నాకింకా కోపం పోలేదండి" అన్నాడు.

"పోవద్దు సార్. ఉండనీయండ్రి."

"రేపు పొద్దున ఆరింటికి రండి."

వెళ్ళాను. చేతికి గ్లౌజులు, కాళ్ళకు గమ్ బూట్లు, భుజాన బ్లీచింగ్ డబ్బా. వాన పడితే వానలోనే, రోడ్డు మీదే. మొదటి వారం సారు కూడా నా వెనక నడిచాడు, నిఘాకు. రెండో వారం గొడుగు పట్టాడు, కుక్కకు. ఎక్కడ పోసింది, ఎంత పోసింది, ఏ రంగు పోసింది అని నేను చెబుతుంటే ఆయన ఫోన్లో రాసుకునేవాడు. టీ పోసిన పన్నెండేళ్ళలో మేమిద్దరం అన్ని మాటలు మాట్లాడుకోలేదు. కోపం పోయిందా అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. కుక్క మాత్రం రోజూ లేత రంగులో, ధారగా, కనపడ్డ స్తంభానికల్లా పోసింది.